కొత్త కాలనీలో నలుగురూ కలిసి కూరగాయల తోట వేయడం ఎలా?

మా కాలనీ తోట ఫొటోలు చూసినవాళ్లు అడిగేవి ఎప్పుడూ మూడే ప్రశ్నలు. స్థలం ఎవరిచ్చారు? నీళ్లు ఎవరు పోస్తున్నారు? కోసిన కాయలు ఎవరు పట్టుకెళ్తున్నారు? ఎరువు గురించి అడిగేవాళ్లు అరుదు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పలేక ఇది రాస్తున్నాను.

మాది హైదరాబాద్ పడమటి శివారు, ఔటర్ రింగ్ రోడ్డు అవతల. చేలు పోయి టవర్లు లేచిన చోటు. మేం చేరేనాటికి లిఫ్టులో ఎదురుపడితే ఫోన్ వైపు చూసుకునేవాళ్లమే అందరమూ. తోట ఆలోచన వచ్చిందే తడవు వాట్సాప్ గ్రూపు పెట్టాం, అరవై మందికి పైగా చేరారు, ఏకంగా పన్నెండు మడులు వేశాం. మూడో నెలకి నీళ్లు పోసేవాళ్లం నలుగురం మిగిలాం. సంక్రాంతికి ఆ నలుగురమూ ఊరెళ్లాం. తిరిగొచ్చేసరికి టమాటా నారంతా వాడి నేలకి అంటుకుపోయి ఉంది. రెండో ఏడాది పద్ధతి మార్చి మళ్లీ వేశాం, ఇప్పటిదాకా నడుస్తోంది. కింద రాసింది ఆ రెండో ఏటి పద్ధతి.

మిద్దె తోట గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఒక ఇంటి పని. ఇది పద్దెనిమిది ఇళ్ల పని కాబట్టి ఇందులో మొక్కల సంగతి కన్నా మనుషుల సంగతే ఎక్కువ కనిపిస్తుంది.

కావలసినవి

ఆరు మడులకు సరిపడా లెక్క ఇది. మొదటి ఏడాది ఆరు మించొద్దు.

- ఎండ పడే స్థలం, సుమారు 50 గజాలు
- ఎర్రమట్టి ఒక ట్రాక్టరు, బాగా మాగిన పశువుల ఎరువు అర ట్రాక్టరు
- వేపపిండి 10 కిలోలు
- అంచులకు సిమెంటు ఇటుకలు (16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తువి) మడికి 20 చొప్పున
- పార, గడ్డపార, రెండు కొడవళ్లు, రోజ్ క్యాన్లు (జల్లు మూతి ఉన్న నీళ్ల క్యాన్లు) మూడు. ఇవి అందరివీ, ఒక పెట్టెలో పెట్టి తాళం వాచ్‌మన్ గదిలో ఉంచండి
- దగ్గర్లో ఒక కుళాయి
- ఒక బెంచీ. దీన్ని ఖర్చు తగ్గించుకోవడానికి జాబితాలోంచి కొట్టేయకండి
- ఒక రూళ్ల నోటుబుక్కు

1. ముందు తలుపులు తట్టండి

గ్రూపులో పోల్ పెడితే అందరూ బొటనవేలు పైకెత్తుతారు. ఆ బొటనవేలు పార పట్టదు. సాయంత్రం ఆరేడు గంటల మధ్య ఇళ్లకు వెళ్లి మాట్లాడండి. పద్దెనిమిది ఇళ్లు తేలడానికి నాకు ముప్పై తలుపులు పట్టాయి. ప్రతి ఇంట్లో ఇవి అడిగి నోటుబుక్కులో రాసుకోండి:

మీ ఊరేది, ఇంట్లో సేద్యం తెలిసినవాళ్లు ఉన్నారా? ఊరికి దసరాకి వెళ్తారా, సంక్రాంతికి వెళ్తారా? మీకు పొద్దున తీరికా, సాయంత్రం తీరికా?

రెండో ప్రశ్న ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చాలాసార్లు తలుపు తీసినవాళ్ల దగ్గర ఉండదు, లోపలి గదిలో ఉంటుంది. పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన పద్నాలుగో అంతస్తులో పగలంతా టీవీ ముందు కూర్చుని ఉంటాడు. "బాబాయ్, మట్టి తెప్పిస్తున్నాం, ఒకసారి వచ్చి చూసి చెప్పండి" అని పిలవండి. మాకు అలా దొరికిన ఇద్దరు పెద్దలు, ఒకరు నల్గొండ వైపు, ఒకరు తెనాలి వైపు. ఎరువు ఎప్పుడు వేయాలన్న దాని మీద ఇప్పటికీ రోజూ వాదించుకుంటారు, ఇద్దరూ పొద్దున్నే ఆరింటికి మడి దగ్గరే ఉంటారు.

2. స్థలం: నాలుగు సంగతులు తేలాకే మట్టి తెప్పించండి

*ఎవరిది?* గేటెడ్ కమ్యూనిటీ లోపలైతే అసోసియేషన్ కమిటీని అడగాలి. ఓపెన్ లేఅవుట్ (గేటు లేని ప్లాట్ల కాలనీ) అయితే పార్కు కోసం వదిలిన జాగా మామూలుగా గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా పంచాయతీ, మున్సిపాలిటీ పేర ఉంటుంది. వాళ్లకు అర్జీ పెట్టుకోవాలి. "పక్క ఖాళీ ప్లాటు, ఓనరు అమెరికాలో ఉన్నాడు" అన్న మాట నమ్మి మొదలుపెట్టొద్దు. పంట చేతికొచ్చే వేళకి ఆయన ప్లాటు అమ్మేస్తాడు.

కమిటీని శాశ్వతంగా ఇవ్వమని అడక్కండి. ఏడాది పాటు, 50 గజాలు, నచ్చకపోతే మళ్లీ లాన్ వేసిస్తామని కాగితం మీద రాసివ్వండి. "కాలనీ లుక్ పోతుంది" అనే ఒకాయన ప్రతి కమిటీలోనూ ఉంటారు. ఆయనకు సింగపూర్ సంగతి చెప్పండి: అక్కడి పార్కుల బోర్డు 2005లో 'కమ్యూనిటీ ఇన్ బ్లూమ్' అనే కార్యక్రమం పెట్టి, ఫ్లాట్లలో ఉండేవాళ్లే కలిసి తోటలు వేసుకునేలా ప్రోత్సహించింది. సింగపూర్ పేరు చెప్తే మా కమిటీలో పని జరిగింది.

*కింద ఏముంది?* కొత్త అపార్ట్‌మెంట్లలో మోసపోయేది ఇక్కడే. పచ్చగా లాన్ ఉంది కదా, నేలే అనుకుంటాం. చాలాచోట్ల దాని కింద సెల్లార్ పార్కింగ్ ఉంటుంది, మనం నిలబడింది స్లాబ్ మీద. అడుగు ఎత్తు తడి మట్టి చదరపు మీటరుకు 450 నుంచి 500 కిలోల బరువు. మనుషులు తిరిగే మామూలు మేడకప్పును చదరపు మీటరుకు 150 కిలోల అదనపు భారం లెక్కన డిజైన్ చేస్తారు. సెల్లార్ పైకప్పు అంతకన్నా గట్టిగా ఉండొచ్చు, కానీ ఎంత గట్టిదో డ్రాయింగ్ చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు రాసివ్వాలి. మేస్త్రీ "ఏం కాదు సార్" అంటే చాలదు. బరువు ఒక ఎత్తు, నీళ్లు దిగి కింద ఎవరి కారు మీదో కారడం ఇంకో ఎత్తు; కాలనీలో స్నేహాలు చెడిపోవడానికి ఆ ఒక్క చుక్క చాలు. అనుమానం ఉంటే ఆ చోటు వదిలేసి, సెల్లార్ లేని అంచు స్థలం వెతకండి. అదీ లేకపోతే కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన గ్రో బ్యాగులతో సరిపెట్టుకోండి.

*ఎండ ఎంత?* కాయగూరలకు రోజుకు ఆరు గంటలు, ఆకుకూరలకు నాలుగు గంటలు కావాలి. చూసే రోజు కూడా ముఖ్యమే. జూన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఎక్కడ చూసినా ఎండే కనిపిస్తుంది. డిసెంబరులో దక్షిణానికి వాలిపోతాడు. అప్పుడు హైదరాబాద్‌లో 100 అడుగుల టవర్ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు 85 అడుగుల దాకా పడుతుంది. కాబట్టి టవర్‌కి ఉత్తరాన తోట పెట్టొద్దు. దక్షిణం మంచిది, తూర్పు ఫర్వాలేదు.

*కుళాయి ఎంత దూరం?* యాభై అడుగులు దాటితే పైపు లాగడం బద్ధకమై వంతులు తప్పుతాయి. ముందే పాయింట్ వేయించుకోండి.

3. మట్టి పరీక్షలు

కొత్త కాలనీల్లో నేల అంటే బిల్డర్ వదిలేసిన నేల. పైన రెండంగుళాల ఎర్రమట్టి, దాని మీద లాన్, కింద టైల్స్ ముక్కలు, సిమెంటు గడ్డలు, కంకర. మూడు పరీక్షలు చేయండి, ఏదీ పెద్ద పని కాదు.

అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకాలి. తెల్లారి కూడా నిలిచి ఉంటే కింద కాంక్రీటో, గట్టిపడ్డ మొరమో ఉంది. అక్కడ వేళ్లు కుళ్లిపోతాయి.

తవ్విన మట్టిలో తెల్లగా, బూడిదరంగుగా కనిపించే పెళ్లల మీద నిమ్మకాయ పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నమో సిమెంటో. ఏరి పారేయండి. మరీ ఎక్కువగా ఉంటే ఆ పొర మొత్తం తీసేయాల్సిందే.

ఇక ఎరువు. మాగిన ఎరువుకి పేడ వాసన ఉండదు, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది, కుప్ప లోపల చెయ్యి పెడితే వేడి తగలదు. పచ్చి ఎరువు వేస్తే మొక్క మాడుతుంది, వేరుపురుగులూ దాంతోపాటే దిగుతాయి. ట్రాక్టరు దింపకముందే చూడండి. దింపాక వెనక్కి తీసుకెళ్లిన డ్రైవర్ని నేనింతవరకు చూళ్లేదు.

అన్నీ కలిపాక మెంతి పరీక్ష ఒకటి మిగిలుంది. ఒక ట్రేలో ఆ మిశ్రమం వేసి, వంటింటి డబ్బాలోంచి గుప్పెడు మెంతులు రాత్రంతా నానబెట్టి చల్లండి. ఐదారు రోజుల్లో ఒత్తుగా, పచ్చగా మొలిస్తే మట్టి బాగున్నట్టు. మొలిచి కొసలు మాడితే ఎరువు పచ్చిది. ఇంకో నెల కుప్పగా పోసి, తడుపుతూ ఉంచండి.

4. మడులు కట్టడం

ఒక్కో మడి 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. వెడల్పు పెంచాలనిపిస్తుంది, పెంచకండి. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి, మడిలో కాలు పడకూడదు. మడికి మడికి మధ్య దారి రెండున్నర అడుగులు. ఇద్దరు ఎదురెదురుగా ఆగి మాట్లాడుకునేంత.

లాన్ తీసేసి, గడ్డపారతో ఆరంగుళాలు గుల్ల చేసి, రాళ్లు ఏరండి. చుట్టూ ఇటుకలు పేర్చండి, సిమెంటు పెట్టొద్దు, ఏడాది తర్వాత తీయాల్సి వస్తే తేలిగ్గా ఉంటుంది. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు ఎరువు, మడికి కిలోన్నర వేపపిండి కలిపి నింపండి. నీళ్లు పెట్టి వారం వదిలేస్తే రెండంగుళాలు కుంగుతుంది. మళ్లీ నింపండి.

ఈ పని ఆదివారం పెట్టుకోండి. జేసీబీని పిలిస్తే గంటలో అయిపోతుందని ఎవరో అంటారు, నిజమే. మేం పదిహేను మందిమి రెండు ఆదివారాలు చేశాం. ఆ రెండు రోజుల్లో తెలిసినన్ని పేర్లు అంతకుముందు ఏడాదిన్నరలో తెలియలేదు. టీ, మిర్చిబజ్జీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బెంచీ మడుల వైపు తిప్పి వేయండి, నీడలో.

5. మడికి మూడిళ్లు

మొత్తం తోట అందరిదీ అంటే అది ఎవరిదీ కాకుండా పోతుంది, మా మొదటి ఏడాది అలాగే పోయింది. పోనీ ఇంటికో మడి ఇద్దామా అంటే నెలకి ఎవరి కంచె వాళ్లు కట్టుకుంటారు, "మీ తీగ మా మడిలోకి వచ్చింది" అని మొదలవుతుంది. రెండిళ్లకు ఒకటి ఇస్తే ఇద్దరిలో ఒకరు పనిచేస్తారు, ఇంకొకరు తప్పించుకుంటారు, మొదటివాళ్లు మనసులో పెట్టుకుంటారు. మూడిళ్లు సరిగ్గా సరిపోయింది మాకు.

ఏ మూడిళ్లు అన్నది మాత్రం నోటుబుక్కు చూసి కలపండి. హైదరాబాద్ ఎప్పుడు ఖాళీ అవుతుందో మీకు తెలుసు. దసరాకి తెలంగాణ జిల్లాలవాళ్లు ఊరెళ్తారు, సంక్రాంతికి ఆంధ్రా వైపువాళ్లు వెళ్తారు. ఒకే వైపువాళ్లు ముగ్గురినీ ఒక మడికి వేస్తే పండగ వారం ఆ మడి ఎండుతుంది. అందుకే ప్రతి మడికీ దసరాకి వెళ్లే ఇల్లొకటి, సంక్రాంతికి వెళ్లే ఇల్లొకటి, రెండింటికీ ఇక్కడే ఉండే ఇల్లొకటి. ఆ మూడోది మా దగ్గర ఎక్కువగా ఒడిశా, బిహార్, కేరళ కుటుంబాలు. వాళ్లు ఊరెళ్లేది వేరే పండగలకి. నీళ్ల కోసం వేసిన ఈ లెక్కతో ఇంకోటి కూడా కుదిరింది: కావాలని కలపకపోతే ఎప్పుడూ కలవని మూడిళ్లు ఒక మడి దగ్గర పడ్డాయి.

తీరిక వేళలు కూడా చూడండి. ముగ్గురిలో ఒక్కరైనా పొద్దున్నవాళ్లు ఉండాలి. ఇద్దరు బాగా స్నేహితులై మూడోవాళ్లు కొత్తవాళ్లైతే ఆ కొత్త ఇల్లు నెమ్మదిగా జారిపోతుంది, అలా వేయకండి.

6. మొదటి పంటగా ఏం వేయాలి?

నెల అటూ ఇటూగా కోతకొచ్చేవే వేయండి. మనుషుల ఓపిక నెల రోజులే. మెంతికూర 20 నుంచి 25 రోజులు, తోటకూర 25 నుంచి 30, పాలకూర 30 నుంచి 35, గోంగూర 40 దాకా. మొదటిసారే టమాటా, వంకాయ వేస్తే నారు నాటాక రెండు నెలలు ఆకులే చూడాలి. ఆ లోపు సగం మంది మానేస్తారు.

తోటకూర గింజలు సన్నం. నాలుగింతలు ఇసుకలో కలిపి చల్లకపోతే ఒకేచోట గుత్తుగా మొలుస్తాయి. ధనియాలు రెండు బద్దలయ్యేలా అరచేత్తో నలిపి వేయండి.

మొదటి కోత అయ్యాక, తొలకరి వానలు పడి ఉంటే బెండ, గోరుచిక్కుడు వేయండి. బెండ 45 నుంచి 50 రోజుల్లో కాస్తుంది. ఉత్తరం అంచున పందిరి కట్టి బీర, సొర పాకించండి. దక్షిణం వైపు కడితే మిగతా మడులకు నీడ. తీగ చిక్కుడు జూన్ నుంచి ఆగస్టు లోపు పెట్టినా చలికాలంలోనే పూతకొస్తుంది, "పూయట్లేదు" అని మధ్యలో పీకేయకండి.

పండగలకు ముందే లెక్క వేసుకోండి. జులైలో బంతి నారు పోసి ఆగస్టుకల్లా నాటితే బతుకమ్మకి పూలు సిద్ధం. సెప్టెంబరు, అక్టోబరుల్లో గుమ్మడి గింజ పెడితే గొబ్బెమ్మల మీదికి పువ్వులుంటాయి. చిక్కుడు ఎలాగూ రథసప్తమికి ఉంటుంది. మా కాలనీలో తోట వైపు కన్నెత్తి చూడనివాళ్లు కూడా బంతిపూల వారం దిగొచ్చారు.

ఒక హెచ్చరిక: విత్తనాలు తెమ్మని పేరు మాత్రమే చెప్పకండి, ఫొటో పంపండి. "అనపకాయ గింజలు తెస్తాను" అని మా మడివాళ్లు ఒకరన్నారు. గోదావరి జిల్లాల మనిషిని నేను, మా వైపు సొరకాయని ఆనపకాయ అంటాం, అదే అనుకుని సొరపాదుకి పందిరి వేసి కూర్చున్నాను. వాళ్లది చిత్తూరు. తెచ్చింది అనపకాయలు, చిక్కుడు జాతి. అందుకే ప్రతి మొక్క దగ్గరా ఒక పలక పెట్టి అన్ని పేర్లూ రాశాం: గోంగూర, పుంటికూర. గోరుచిక్కుడు, గోకరకాయ, మటిక్కాయ. బచ్చలి దగ్గర మా ఒడియా పొరుగువాళ్లు "పోయి" అని రాశారు. ఆ పలకల ముందు ఆగి మాట్లాడుకోనివాళ్లు లేరు.

7. నీళ్లు

మడికి వేసవిలో రోజుకు 20 లీటర్లు, చలికాలంలో అందులో సగం. వానాకాలంలో మట్టిలోకి వేలు రెండు కణుపులు దింపి చూడండి, తడి తగిలితే ఆ రోజు మానేయండి. మొక్కలు ఎండిపోవడం కన్నా నీళ్లెక్కువై చావడమే మా తోటలో ఎక్కువ. వంతు వచ్చింది కదా అని వాన పడ్డ రోజు కూడా క్యాన్ పట్టుకొస్తారు.

ఏ నీళ్లు అన్నది కాలనీల్లో పెద్ద సమస్య. ఫ్లాట్లకు వచ్చే నీళ్లు సాఫ్ట్‌నర్ ప్లాంటు (నీళ్ల కఠినత్వం తగ్గించేది) దాటి వస్తుంటే వాటిలో సోడియం ఎక్కువ. కొన్ని నెలలు పోస్తే మట్టి గట్టిపడి, నీళ్లు ఇంకవు. సాఫ్ట్‌నర్‌కి ముందున్న లైను నుంచి బోరు నీళ్లు తీసుకోండి. ఆర్వో వదిలేసే నీళ్లూ వద్దు, ఉప్పు ఎక్కువ. ఎస్టీపీ నీళ్లు (మురుగునీటిని శుద్ధి చేసినవి) లాన్‌కి, చెట్లకి బాగుంటాయి, కొత్తిమీర, పుదీనా లాంటి పచ్చివి తినే వాటికి మాత్రం ఎప్పుడూ పోయొద్దు.

వంతుల పట్టిక కాగితం మీద రాసి లిఫ్ట్ దగ్గర అంటించండి. మడికి మూడిళ్లు, ఇంటికి రెండేసి రోజులు, ఆదివారం ముగ్గురూ కలిసి. నీళ్లు పోసినవాళ్లు తేదీ పక్కన టిక్ పెట్టాలి, అంతే. టిక్ లేకపోతే ఎవరూ ఎవర్నీ అడగొద్దు. మిగతా ఇద్దరిలో ఒకరు పోసేసి తమ పేరు రాస్తారు. తన వంతులో వేరేవాళ్ల పేరు కనిపిస్తే చాలు, తప్పిన మనిషి వచ్చేస్తాడు. గ్రూపులో "ఈరోజు ఎవరి వంతు??" అని ప్రశ్న గుర్తులు పెట్టి అడిగితే మాత్రం గొడవే.

డ్రిప్పు, టైమరు పెట్టేద్దాం అంటారు ఎవరో ఇంజనీరు గారు. మొదటి ఏడాది వద్దన్నది నా అభిప్రాయం. నీళ్లు పోయడానికే కదా మనుషులు కిందికి దిగేది. అందరూ ఊరెళ్లే నాలుగు రోజులకు కావాలంటే మట్టి కుండ మెడ దాకా మడిలో పాతి, నింపి, మూత పెట్టండి. కుండ నీళ్లు వదులుతూ ఉంటుంది. మూడు నాలుగు రోజులు ఆగుతుంది. రంగు వేసిన కుండ పనికిరాదు.

8. పంపకం: గొడవలన్నీ ఇక్కడే

కోతకి రోజు, గంట పెట్టండి. మాది బుధవారం, ఆదివారం పొద్దున ఏడు గంటలు. ఆ వేళకు వచ్చినవాళ్లు కోసి బెంచీ మీద కుప్ప పోస్తారు. పంచేది ఈ వరసలో:

మొదటి వాటా సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్లకు. మిగిలితే ఇస్తాం అనొద్దు, మిగలదు. వాళ్లలో చాలామంది పొలం వదిలి వచ్చినవాళ్లే. మా సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ భార్య పాలమూరు మనిషి, మా అందరికన్నా సేద్యం తెలిసింది ఆమెకే. సలహా అడగండి. పని చెప్తే మాత్రం కూలి ఇవ్వండి. "ఎలాగూ ఇక్కడే ఉంటావు కదా, కాస్త నీళ్లు పోయమ్మా" అన్న రోజున తోట ఆమె నెత్తిన పడుతుంది, మీరు చేతులు దులుపుకుంటారు.

రెండో వాటా ఆ రోజు కోతకు దిగిన ఇళ్లకు, అందరికీ సమానంగా, మడితో పనిలేకుండా. మీ మడిలో బెండ బాగా కాసిందని ఎక్కువ అడక్కండి. వచ్చే నెల పక్కవాళ్ల బీర మీకూ వస్తుంది. రాలేని ఇంటికి ఎవరైనా తీసుకెళ్లి తలుపు దగ్గర ఇవ్వొచ్చు, లిఫ్ట్‌లో పంపొద్దు. నాలుగు బెండకాయలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే లోపలికి రమ్మంటారు.

అమ్మకం పెట్టొద్దు. కిలో నలభైకి అమ్ముదామని, ఆ డబ్బుతో ఎరువు కొందామని ప్రతి తోటలోనూ ఒకరు అంటారు. లెక్కలు రాసేవాళ్లు, లెక్కలు అడిగేవాళ్లు అని రెండు పార్టీలు అవుతాయి. ఎరువుకి ఇంటికింత అని ఏడాదికోసారి చందా వేసుకోండి.

రాత్రిళ్లు ఎవరో కోసుకుపోతారు, తప్పదు. మేం సీసీ కెమెరా పెట్టాలా అని రెండు వారాలు తర్జనభర్జన పడ్డాం. చివరికి దారి పక్కన ఒక అదనపు చిన్న మడి వేసి, కరివేపాకు, పుదీనా, పచ్చిమిర్చి పెట్టి, "ఎవరైనా ఎప్పుడైనా కోసుకోవచ్చు" అని బోర్డు పెట్టాం. దొంగతనాలు పూర్తిగా ఆగలేదు, బాగా తగ్గాయి. అక్కడ కోసుకోవడానికి వచ్చినవాళ్లలో రెండిళ్లు ఈ ఏడాది మడిలో చేరాయి.

9. చెత్త, పురుగులు

వంటింటి తడిచెత్తతో ఎరువు చేసుకోవచ్చు. కమిటీ ఒప్పుకోకపోతే, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని ఘన వ్యర్థాల నియమాలే చెప్తాయని గుర్తుచేయండి. గాలాడే రెండు డ్రమ్ములు చాలు: ఒకటి నిండేలోపు ఇంకోటి మాగుతుంది. ఒక పొర చెత్త, దానికి సమానంగా ఎండుటాకులు. వాసన వస్తే ఎండుటాకులు తక్కువైనట్టు. అన్నం, మాంసం వేయొద్దు, ఎలుకలు వస్తాయి.

జీవామృతం చేయాలనుకుంటే 20 లీటర్ల నీటికి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి. రెండు రోజులు నీడలో ఉంచి రోజుకు రెండుసార్లు కలపండి, వారంలో వాడేయండి. వాసన వస్తుంది, బాల్కనీల కింద పెట్టకండి.

బెండకి పేనుబంక, వంగకి కాయతొలుచు పురుగు తప్పవు. పేనుబంకకు నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయడం, తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ. తొలిచిన కొమ్మలు, కాయలు తుంచి దూరంగా పారేయండి. రసాయన మందు ఏ ఒక్కరూ సొంతంగా తెచ్చి కొట్టకూడదని మొదటి రోజే మాట అనుకోండి. పిల్లలు అక్కడే మిర్చి తుంచి నోట్లో పెట్టుకుంటారు. కోతుల బెడద ఉన్న చోటైతే కాయగూరల మీద ఆశ పెట్టుకోకుండా ఆకుకూరలు, పసుపు, అల్లం వేసుకోండి.

సరిగ్గా నడుస్తోందా? ఇలా చూసుకోండి

నెల తర్వాత: ప్రతి మడిలోనూ ఒక్క కోతైనా అయ్యిందా? పట్టికలో మూడు పేర్లూ కనిపిస్తున్నాయా? ఒకే పేరు వరసగా పది రోజులు ఉంటే ఆ మనిషి అలిసిపోకముందే మిగతా ఇద్దరి ఇంటికి వెళ్లండి. మెసేజ్ పెట్టకండి.

మూడు నెలల తర్వాత: పొద్దున ఏడింటికి బెంచీ మీద ఎవరైనా కూర్చుని ఉన్నారా? తోటలో పనిలేనివాళ్లు కూడా వస్తున్నారా? బెంచీ ఖాళీగా ఉంటే దాని చోటు మార్చి చూడండి. మాది రెండుసార్లు మారింది, మొదట ఎండలో వేశాం, తర్వాత డ్రమ్ముల పక్కన వేశాం.

పండగ తర్వాత: తిరిగొచ్చేసరికి మడులు పచ్చగా ఉన్నాయా? లేకపోతే ఇళ్ల జతలు తప్పాయి. నోటుబుక్కు తీసి మళ్లీ కలపండి.

ఏడాదికి: ఎన్ని ఇళ్లు మానేశాయో లెక్కపెట్టండి. మాకు పద్దెనిమిదిలో ఐదు మానేశాయి, వాటిలో రెండు అద్దె ఇళ్లు, ఖాళీ చేసి వెళ్లిపోయారు. వెయిటింగ్‌లో ఉన్నవాళ్లను ఆ చోట్లలో వేయండి. అందరూ అడుగుతున్నారు కదా అని మడులు పెంచేముందు ఒక పూర్తి వేసవి దాటనివ్వండి.

ఏప్రిల్, మే నెలల్లో ఆరు మడులూ నడపక్కర్లేదు. రెండింటిలో గోంగూర, బచ్చలి ఉంచి పైన షేడ్ నెట్ కట్టండి. మిగతావాటిలో ఎరువు వేసి, ఎండుగడ్డి పరిచి, తొలకరి దాకా వదిలేయండి. ఆ ఖాళీలోనే విత్తనాలు సర్దుకోవాలి: చెట్టు మీదే ఎండనిచ్చిన బెండ, గోంగూర, చిక్కుడు గింజలు తీసి, బూడిదలో కలిపి, కాగితం పొట్లాల్లో కట్టి, పొట్లం మీద మడి నంబరు, నెల, మూడిళ్ల పేర్లు రాయండి. హైబ్రిడ్ ప్యాకెట్ల నుంచి పెరిగిన మొక్కల గింజలు దాచొద్దు, మళ్లీ అదే కాయ రాదు. మృగశిర కార్తె నాడు పొట్లాలు విప్పుతాం, ఆ రోజు ఎవరి పొట్లం ఏ మడికి వెళ్తుందో చీటీలు తీస్తాం.